ఎర్ర రంగు పూసిన పేటలు, రంగే పూయని ఊళ్లు

ఒక ఫారం. పైన నగరం పేరు, పేట నంబరు, ఆ పేటకు ఇచ్చిన గ్రేడు. కింద నేల ఎత్తుపల్లాలు, ఇళ్ల వయసు, అద్దెలు, అమ్మకపు ధరలు. మధ్యలో నివాసుల గురించి ఒక భాగం ఉంటుంది. వాళ్లు చేసే పనులు, ఏడాది ఆదాయం, విదేశాల్లో పుట్టినవాళ్లు ఎంత శాతం, నీగ్రోలు ఉన్నారా లేరా, ఉంటే ఎందరు. ఆ పక్కనే ఇంకో గడి, 'ఇన్‌ఫిల్ట్రేషన్'. అంటే చొరబాటు. ఎవరి చొరబాటో అక్కడ టైపు చేయాలి.

చొరబాటు అన్న మాట తెలుగు పేపర్లలో సరిహద్దు వార్తల్లో కనిపిస్తుంది. 1930ల్లో ఇంటి అప్పుల వ్యవహారం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఆ మాటను నాలుగు డబ్బులు కూడబెట్టి పక్క వీధిలో ఇల్లు కొనుక్కున్నవాళ్ల మీద వాడింది. తుపాకీ లేదు, కంచె దూకింది లేదు. సామాన్ల బండి ఒకటి వచ్చి వీధిలో ఆగింది, అంతే.

అమెరికాలో జాతుల్ని వేరు చేసి ఉంచిన చరిత్రను పిల్లలకు కంప్యూటర్ మీద నేర్పాలనుకునే టీచర్‌కు ఈ ఫారం కంటే మంచి మొదలు దొరకడం కష్టం. దీన్ని వెతుక్కుంటూ ఏ ఆర్కైవ్‌కూ వెళ్లనక్కర్లేదు. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం నడిపే 'మ్యాపింగ్ ఇన్‌ఈక్వాలిటీ' సైటులో 200కు పైగా నగరాల పాత మ్యాపులున్నాయి. మ్యాపు మీద పేటను నొక్కితే, ఫారం మిగిలి ఉన్న చోట అది పక్కన తెరుచుకుంటుంది. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

ముందు మాట సంగతి ఒకటి తేల్చుకోవాలి. సెగ్రిగేషన్‌కు, అంటే జాతుల్ని ఇలా వేరు చేసి ఉంచడానికి, తెలుగులో సరైన మాట ఏది? 'వివక్ష' అంటే చాలదు. 'వేర్పాటు' అనగానే రాష్ట్ర ఉద్యమాలు గుర్తొస్తాయి. 'వెలి' అన్నింటికంటే దగ్గరగా ఉంటుంది. వెలివాడ అన్న మాట ఉన్న భాషలో, ఊరికీ వాడకీ మధ్య దూరం అంటే ఏమిటో విడమర్చి చెప్పాల్సిన పని లేదు. అయితే కులం వేరు, జాతి వేరు. ఒకదాని అచ్చులో ఇంకొకదాన్ని పోస్తే రెండూ సరిగ్గా అర్థం కావు. అందుకే ఇక్కడ సెగ్రిగేషన్ అనే ఉంచుకుందాం.

స్కూలు పుస్తకాల్లో ఈ చరిత్ర ఎక్కువగా బోర్డుల చుట్టూ తిరుగుతుంది. తెల్లవాళ్లకు ఒక కుళాయి, నల్లవాళ్లకు ఒక కుళాయి. 1896లో సుప్రీంకోర్టు 'వేరుగా ఉన్నా సమానమే' అన్నది. 1954లో బ్రౌన్ కేసులో, స్కూళ్ల విషయంలో ఆ మాట చెల్లదన్నది. 1955 డిసెంబర్‌లో మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తన సీటు తెల్లవాళ్లకు వదలనన్నది, ఆ తర్వాత 381 రోజులు నల్లజాతి వాళ్లు బస్సెక్కలేదు. ఇదంతా నిజమే, తెలియాల్సిందే. కానీ ఇంతవరకే చెబితే పిల్లల బుర్రలో రెండు తప్పులు ఉండిపోతాయి. ఇదంతా దక్షిణాది రాష్ట్రాల గొడవ అన్నది ఒకటి. బోర్డులు పీకేయగానే అయిపోయిందన్నది ఇంకొకటి. మినియాపొలిస్‌లో, షికాగోలో, డెట్రాయిట్‌లో అలాంటి బోర్డులు పెట్టే చట్టాలు లేవు. అక్కడ సెగ్రిగేషన్ కాగితాల మీద నడిచింది. ఫారాలు, మ్యాపులు, దస్తావేజులు, లోన్ అప్లికేషన్లు. డిజిటల్ పాఠానికి అసలు బలం ఇక్కడే ఉంది. కుళాయిని క్లాసులోకి తేలేం. కాగితాన్ని మాత్రం ఉన్నదున్నట్టు స్క్రీన్ మీదకు తేగలం.

ఆ మ్యాపుల కథ ఇదీ. మహా మాంద్యంలో ఇంటి అప్పు కట్టలేక లక్షల కుటుంబాలు వీధిన పడుతుంటే, 1933లో ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే సంస్థను పెట్టింది. పాత అప్పు తీర్చి, తేలిక వాయిదాలతో కొత్త అప్పు ఇవ్వడం దాని పని. దాదాపు పది లక్షల కుటుంబాలు దానివల్ల ఇళ్లు నిలబెట్టుకునే అవకాశం పొందాయి. 1935 నుంచి 1940 దాకా ఈ సంస్థ స్థానిక రియల్ ఎస్టేట్ వాళ్లను, బ్యాంకు వాళ్లను సంప్రదించి నగరాలను పేటలుగా విడగొట్టి గ్రేడ్లు ఇచ్చింది. 'ఏ'కి ఆకుపచ్చ, 'బీ'కి నీలం, 'సీ'కి పసుపు, 'డీ'కి ఎరుపు. నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉన్న పేటలన్నీ దాదాపుగా ఎరుపులోకే వెళ్లాయి. రెడ్‌లైనింగ్ (కొన్ని పేటల్ని గీత గీసి వేరు చేసి, అక్కడివాళ్లకు అప్పు లేదనడం) అన్న మాట వినగానే ఇప్పుడు అందరికీ ఈ మ్యాపులే గుర్తొస్తాయి.

క్లాసులో ఈ మ్యాపు తెరవగానే జరిగేది ఒకటే. పిల్లలు ఎరుపు చూస్తారు, పక్కనే ఇవాళ్టి పేదరికం మ్యాపు పెట్టుకుంటారు, రెండూ కలిసిపోయాయంటారు, పాఠం అయిపోయిందనుకుంటారు. టీచర్ కూడా సంతోషిస్తాడు. అసలు పాఠం అక్కడే మొదలవుతుందని మాత్రం తట్టదు.

ఎందుకంటే ఈ మ్యాపుల గురించి చరిత్రకారులు, ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. లోన్ కార్పొరేషన్ 1936 కల్లా కొత్త అప్పులివ్వడం ఆపేసింది. చాలా మ్యాపులు తయారయ్యేసరికి అప్పులు ఇచ్చేయడం కూడా అయిపోయింది. తర్వాత ఎరుపు పూసిన పేటల్లోనూ అది అంతకుముందే ధారాళంగా అప్పులిచ్చింది. ఎరుపు పేటల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పేద తెల్లవాళ్లే. మరి నల్లజాతి వాళ్లకు ఇంటి అప్పు దొరకకుండా చేసిందెవరు? చాలామంది పరిశోధకులు వేలు చూపేది 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ వైపు. అది సొంతంగా అప్పులివ్వదు, బ్యాంకులిచ్చే అప్పులకు హామీ ఉంటుంది. ఆ హామీ ఎవరికివ్వాలో చెప్పే మాన్యువల్‌లో, వేరే జాతులు కలిసిన పేటలు నష్టదాయకమని, దస్తావేజుల్లో జాతి షరతులుంటే మంచిదని రాసి పెట్టుకుంది. దానికీ సొంత మ్యాపులున్నాయి. అవి చాలావరకు మిగల్లేదు.

ఈ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. లోన్ కార్పొరేషన్ మ్యాపులు భద్రంగా ఉన్నాయి, రంగులు బాగున్నాయి, స్కాన్ చేస్తే అందంగా వచ్చాయి. కాబట్టి నేరమంతా వాటి మీద పడింది. ఎక్కువ పాపం చేసిన ఆఫీసు కాగితాలు పోయాయి కాబట్టి దాని పేరు పిల్లలకు వినపడదు. ఇంటర్నెట్‌లో దొరికే చరిత్రంతా ఇంతే. మిగిలింది, స్కాన్ అయింది, కంటికి ఇంపుగా ఉన్నది ముందుకొస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది అర్థం కాదనుకోవడం పొరపాటు. వాట్సాప్‌లో ఏ ఫొటో ఎందుకు తిరుగుతుందో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. మ్యాపు చూపించాక 'ఈ రంగు ఎవరు వేశారు, ఎవరికోసం వేశారు, దీన్ని ఎవరెవరు చూశారు' అన్న మూడు ప్రశ్నలు అడిగితే చాలు, ఎరుపు రంగు సమాధానంగా కాకుండా సాక్ష్యంగా కనిపించడం మొదలవుతుంది.

ఇలాంటిదే ఓటు పరీక్ష కథ. నల్లజాతి వాళ్లకు ఓటు దక్కకుండా, ఓటరుగా నమోదు కావాలంటే పాసవ్వాలని దక్షిణాదిలో పెట్టిన పరీక్ష అది. లూసియానాలో 1964 నాటి ఒక అక్షరాస్యత పరీక్ష ఆన్‌లైన్‌లో బాగా తిరిగింది. 30 ప్రశ్నలు, 10 నిమిషాలు, ఒక్కటి తప్పినా ఫెయిల్. మొదటి ప్రశ్నే 'ఈ వాక్యం నంబరు లేదా అక్షరం చుట్టూ గీత గీయండి' అన్న తరహాలో ఉంటుంది. గీత దేని చుట్టూ గీయాలో పెద్దవాళ్లకే అర్థం కాదు. దీన్ని ఆన్‌లైన్ క్విజ్‌గా పెడితే క్లాసంతా నవ్వులు, టెన్షన్, చివర్లో అందరూ ఫెయిల్. బాగుంటుంది. కానీ ఈ పేపర్‌ను వాడింది కొద్ది కాలం, కొద్ది చోట్ల. ఎక్కువ చోట్ల, ఎక్కువ ఏళ్లు నడిచిన పద్ధతి చూడటానికి ఇంత వింతగా ఉండదు. మిసిసిపిలో రాష్ట్ర రాజ్యాంగంలోంచి ఒక సెక్షన్ ఇచ్చి, దాని అర్థం రాయమనేవాళ్లు. ఏ సెక్షన్ ఇవ్వాలో ఓటర్లను నమోదు చేసే రిజిస్ట్రార్ ఇష్టం. రాసింది సరిపోయిందో లేదో కూడా ఆయన ఇష్టమే. తెల్లవాడికి ఒక లైను సెక్షన్, నల్లజాతి టీచర్‌కు పేజీడు సెక్షన్ ఇచ్చినా అడిగే దిక్కు లేదు. ప్రశ్న కష్టంగా ఉండటం కాదు, మార్కులు వేసే చెయ్యి ఎవరిదన్నదే అసలు విషయం. క్విజ్ యాప్‌లో మార్కులు వేసేది కంప్యూటర్, దానికి అందరూ ఒకటే. అంటే ఆ యాప్ ఏం నేర్పాలో సరిగ్గా అదే దాని దగ్గర లేదు. అదే క్లాసులో ఇద్దరు పిల్లలకు ఒకే జవాబు పేపరు ఇచ్చి, 'మీరు రిజిస్ట్రార్. ఒకరిని పాస్ చేయండి, ఒకరిని ఫెయిల్ చేయండి, కారణం రాయండి' అంటే? కారణాలు ఎంత తేలిగ్గా పుట్టుకొస్తాయో వాళ్లే చూస్తారు.

గేమ్‌ల దగ్గరికొస్తే ఇబ్బంది ఇంకా ఎక్కువ. 2015లో ఒక డెన్మార్క్ కంపెనీ చేసిన చరిత్ర గేమ్ మీద పెద్ద గొడవైంది. బానిసల ఓడలో మనుషుల్ని ఎలా కుక్కారో చూపించడానికి, నల్లటి మనుషుల బొమ్మల్ని టెట్రిస్ ముక్కల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చమని అందులో ఒక లెవెల్ పెట్టారు. తిట్లు వచ్చాక తీసేశారు. అది మరీ మోటు ఉదాహరణ, నిజమే. జాగ్రత్తగా చేసిన గేమ్‌లలోనూ ఒక చిక్కు ఉంటుంది. తెలివిగా ఆడితే గెలుస్తావన్నది ఏ గేమ్‌కైనా మూల సూత్రం. తెలివిగా ఉన్నా, బాగా చదివినా, డబ్బు సరిగ్గా దాచినా గెలవనివ్వకపోవడం సెగ్రిగేషన్ మూల సూత్రం. ఈ రెండూ ఒకే స్క్రీన్ మీద ఇమడవు. గేమ్‌లో ఓడిపోయిన పిల్లవాడు తాను సరైన బటన్ నొక్కలేదనుకుంటాడు. అక్కడ సరైన బటనే లేదన్న సంగతి అతనికి చేరదు.

బాధితుడి వేషం వేయించే పద్ధతికి కంప్యూటర్ల కంటే ముందు చరిత్రే ఉంది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన మర్నాడు, అయోవాలోని రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో జేన్ ఎలియట్ అనే టీచర్ తన మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగును బట్టి రెండుగా విడగొట్టి, ఒక్కో రోజు ఒక్కో గుంపును తక్కువగా చూసింది. ఆమె చేసింది తప్పా ఒప్పా అన్న చర్చ ఇప్పటికీ ఆగలేదు. ఏదైనా ఆమె పిల్లల ఎదురుగా నిలబడి ఉంది. ఎవరి ముఖం ఎప్పుడు మాడిపోయిందో చూసి, కావాలంటే ఆపేయగలదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూలన కూర్చున్న పిల్లను యాప్ అలా చూడలేదు. పాతిక మంది క్లాసులో ఒకే ఒక్క నల్లజాతి పిల్ల ఉంటే ఆ గంట ఆమెకు ఎలా గడుస్తుందో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల లెక్కలోకి రాదు.

వేషం వేయించకుండానే మనిషి బతుకుకు దగ్గరగా తీసుకెళ్లే కాగితం ఒకటుంది. న్యూయార్క్‌లోని హార్లెంలో ఉంటూ పోస్ట్‌మ్యాన్‌గా చేసిన విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో మొదలుపెట్టిన గ్రీన్ బుక్. నల్లజాతి వాళ్లు కారేసుకుని దూరం వెళ్తే ఎక్కడ పడుకోవచ్చు, ఎక్కడ తినొచ్చు, ఎక్కడ జుట్టు కత్తిరించుకోవచ్చు అన్న అడ్రసులు రాష్ట్రాలవారీగా అందులో ఉంటాయి. 1960ల మధ్య దాకా వచ్చింది. ఎస్సో పెట్రోలు బంకుల్లోనూ దొరికేది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఈ సంచికల్ని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది.

దీనితో చేయించే పని చాలా తేలిక. పిల్లలకు ఒక సంచిక, ఒక ఖాళీ టేబుల్ ఇవ్వాలి. వాషింగ్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు కుటుంబంతో ప్రయాణం. రోజుకు ఎన్ని మైళ్లు, రాత్రి ఏ ఊళ్లో. మొదటి పది నిమిషాలు టూర్ ప్లాన్ చేసినట్టే హుషారుగా ఉంటారు. తర్వాత ఒక్కో ప్రశ్న వస్తుంది. ఈ ఊళ్లో హోటలే లేదు, 'టూరిస్ట్ హోమ్' అని ఎవరో ఆవిడ పేరు, వీధి మాత్రం ఉన్నాయేం? ఎవరో తెలియని మనిషి ఇంట్లో పడుకోవాలా? ముందుగా రాయాలా, నేరుగా వెళ్లి తలుపు కొట్టాలా? ఆవిడ ఊళ్లో లేకపోతే? తర్వాతి అడ్రసు ఎన్ని మైళ్ల అవతల? అప్పటికి చీకటి పడితే? చీకటి పడ్డాక నల్లవాళ్లు కనిపించకూడదన్న ఊళ్లు అమెరికాలో చాలా ఉండేవి. వాటికి సన్‌డౌన్ టౌన్లు అనే పేరే ఉంది. 'మీరు నల్లవాళ్లని ఊహించుకోండి' అని టీచర్ ఒక్కసారి కూడా అనక్కర్లేదు. టేబుల్‌లో ఖాళీగా మిగిలిన గడులు ఆ పని చేస్తాయి. ఇంకో సంగతి, ఈ పుస్తకంలో బాధ ఒక్కటే లేదు. ఇల్లు తెరిచిన ఆడవాళ్లు, బ్యూటీ పార్లర్లు, టైలర్లు, మందుల షాపులు, ఒక మొత్తం వ్యాపార లోకం పేజీల నిండా ఉంది. ఏడుపు ఫొటోలతో నిండిన స్లైడ్ల మధ్య ఇది చాలా అవసరం.

ఫొటోల విషయంలో ఒక్క మాట. దాదాపు అన్నీ నలుపు-తెలుపులో ఉండటం వల్ల పిల్లలకు ఇదంతా తాతల తాతల కాలంలా అనిపిస్తుంది. గోర్డన్ పార్క్స్ 1956లో అలబామాలో తీసిన కలర్ ఫొటోల్లో ఒకటి పెట్టి చూడండి. పొడుగాటి గౌను వేసుకున్న ఒక యువతి, పక్కన తెల్ల గౌనులో చిన్నపిల్ల, తలపైన ఎర్రగా 'కలర్డ్ ఎంట్రన్స్' (నల్లవాళ్లు వెళ్లే దారి) అనే నియాన్ బోర్డు. తారీఖు చెప్పకపోతే మొన్న తీసినట్టుంటుంది. 1960లో ఫెడరల్ మార్షళ్ల కాపలాలో తెల్లవాళ్ల స్కూలుకు వెళ్లిన నల్లజాతి పిల్ల రూబీ బ్రిడ్జెస్ పుట్టింది 1954లో. చాలామంది పిల్లల అమ్మమ్మల వయసు.

ఇక దస్తావేజులు. మినియాపొలిస్‌లో 1910 నాటి ఒక స్థలం కాగితంలో చైనీయులకు, జపనీయులకు, మూర్లకు, టర్కులకు, నీగ్రోలకు, మంగోలియన్లకు, ఆఫ్రికన్ రక్తం ఉన్నవాళ్లకు ఈ ఆస్తిని అమ్మకూడదు, కుదువ పెట్టకూడదు, అద్దెకివ్వకూడదు అని షరతు ఉంది. అలాంటివి ఆ ఊరి పాత కాగితాల్లో వేలకొద్దీ ఉన్నాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 2016లో మొదలైన 'మ్యాపింగ్ ప్రెజుడిస్' వాటిని వెలికి తీస్తోంది. అనుమానపు మాటలున్న పేజీల్ని ముందు కంప్యూటర్ ఏరుతుంది. ఆ పేజీల్ని వాలంటీర్లు చదివి షరతు ఉందో లేదో చెప్పాలి, ఉంటే తారీఖు, ప్లాటు నంబరు ఎక్కించాలి. ఇదే పనిని క్లాసులో చేయించొచ్చు. హోంవర్క్ కోసం తయారుచేసిన నకిలీ పని కాదిది. పిల్ల టైపు చేసిన లైను నిజంగా ఒక మ్యాపులో చుక్కవుతుంది. రిజిస్ట్రేషన్ కాగితాల భాష ఎక్కడైనా ఒకటే, పడమర సరిహద్దు, తూర్పు సరిహద్దు, ఇన్ని అడుగులు. ఆ పొడి భాష మధ్యలో, డ్రైనేజీ షరతుకూ గోడ ఎత్తు షరతుకూ నడుమ, ఈ జాతి షరతు ఉంటుంది. కొన్నింట్లో ఒక మినహాయింపు కూడా ఉంటుంది. ఇంట్లో పనిమనుషులుగా అయితే ఆ జాతివాళ్లు ఉండొచ్చట. పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఈ మినహాయింపు దగ్గరే.

1948లో ఈ షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు అన్నది. 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చి ఇల్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో ఆ వివక్షనే నేరుగా నిషేధించింది. కాగితాల్లో మాటలు మాత్రం చాలా చోట్ల అలాగే ఉండిపోయాయి.

2021 నుంచి అమెరికాలో కొన్ని రాష్ట్రాలు జాతి గురించి క్లాసులో ఏం మాట్లాడొచ్చో, ఏం మాట్లాడకూడదో చట్టాలు చేశాయి. టీచర్లు ఆచితూచి అడుగేస్తున్నారు. ఈ వాతావరణంలో కూడా ప్రభుత్వమే టైపు చేయించిన ఫారాన్ని, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసే రిజిస్టర్ చేసిన దస్తావేజును పిల్లల ముందు పెట్టి 'ఇందులో ఏముందో చదవండి' అనడం కాస్త తేలిక. అక్కడ టీచర్ అభిప్రాయం చెప్పాల్సిన పని లేదు.

అమెరికాలో చదివే తెలుగు పిల్లలు ఈ పాఠం ఇంటికి తెచ్చినప్పుడు తల్లిదండ్రులు తరచూ అనే మాట 'మనకేం సంబంధం, మనం తర్వాత వచ్చాం' అని. తర్వాత రావడం నిజమే. అసలు తర్వాత ఎందుకు రావాల్సొచ్చిందన్నది కూడా ఈ పాఠంలో భాగమే. చాలా షరతుల్లో 'ఏషియాటిక్' అన్న మాట ఉండేది, అందులో మనమూ పడతాం. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు, పండితులు ఏమన్నా సరే, సామాన్యుడి దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడని తేల్చింది. 1946లో చట్టం మారేదాకా అదే పరిస్థితి. భీమవరంలో పుట్టి, 1920ల మొదట్లో బోస్టన్ చేరి, ఆ దేశంలోనే పాతికేళ్లు పరిశోధనలు చేసిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో చనిపోయేనాటికి అమెరికా పౌరుడు కాలేదు. తెలుగు డాక్టర్లకు, ఇంజనీర్లకు పెద్ద ఎత్తున దారి తెరిచిన వలస చట్టం 1965 అక్టోబర్‌లో వచ్చింది. ఓటు హక్కు చట్టం అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. రెండింటి మీదా సంతకం చేసింది ఒకే ప్రెసిడెంట్, వెనక ఉన్నది ఒకే ఉద్యమపు గాలి.

తెలుగు పిల్లలు చేసే మొదటి పని మ్యాపులో తమ ఇంటి అడ్రసు వెతకడం. చాలామందికి అక్కడ ఏ రంగూ కనిపించదు. 1930ల్లో ఆ శివార్లు పొలాలు, ఎవరూ గ్రేడు ఇవ్వలేదు. హమ్మయ్య, మన ఊరు క్లీన్ అనుకుంటారు. అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సిత్ కౌంటీ అలాంటిదే. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ అని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడి కమింగ్ అనే ఊరి చుట్టుపక్కల బాగా ఉన్నాయి. రెడ్‌లైనింగ్ మ్యాపులో అది ఖాళీ. ఖాళీగా ఉన్నప్పుడు వేరే కాగితం తీయాలి, పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు. 1910 లెక్కల్లో ఆ కౌంటీలో నల్లజాతి వాళ్లు వెయ్యి మందికి పైగా ఉన్నారు. 1920 లెక్కల్లో ఆ అంకె పదుల్లోకి పడిపోయింది. మధ్యలో 1912 శరదృతువు ఉంది. ఒక తెల్ల అమ్మాయి మీద దాడి కేసులో ఒక నల్లవాణ్ని జనం చంపేశారు, ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లను తూతూమంత్రపు విచారణతో ఉరి తీశారు. ఆ తర్వాత రాత్రిళ్లు గుర్రాల మీద వచ్చి, ఇళ్లు తగలబెట్టి, మిగతా నల్లవాళ్లందర్నీ తరిమేశారు. అలా 1980ల దాకా ఆ కౌంటీ దాదాపు పూర్తిగా తెల్లవాళ్లదే. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ వెంట చిన్న ఊరేగింపు వస్తే రాళ్లు రువ్వారు. మరుసటి వారం సుమారు 20,000 మంది వచ్చి నడిచారు.

1987 అంటే, ఆ పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు గుంటూరులోనో వరంగల్‌లోనో స్కూలుకు వెళ్తున్న రోజులు. క్లాసులో స్ప్రెడ్‌షీట్ తెరిచి 1900 నుంచి 2020 దాకా ఆ కౌంటీ అంకెలు వరుసగా ఎక్కిస్తే పన్నెండు నిమిషాల పని. నల్లజాతి వాళ్ల కాలమ్‌లో 1910 తర్వాత గీత పాతాళానికి పడి, చాలా దశాబ్దాలు నేల మీదే పాకుతుంది. పక్క కాలమ్‌లో ఆసియా వాళ్ల గీత 2000 తర్వాత లేస్తుంది. ఆ రెండో గీతలో పిల్లలు తమ ఇంటిని గుర్తుపడతారు. అంతకుముందు ఆ స్థలం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు స్ప్రెడ్‌షీట్‌లో ఉండదు. దానికోసం కౌంటీ కోర్టు దస్తావేజుల రిజిస్టర్ తెరవాలి.